మబ్బులో నీళ్లు, ట్యాంకులో చేపలు

అక్వేరియం పెట్టాలనుకునేవాళ్లు ముందుగా మంచి రూటర్ కొనండి. తర్వాత స్మార్ట్ ప్లగ్గులు, ఆ తర్వాత సెన్సర్లు, ఆ పైన క్లౌడ్ చందా. డబ్బులు మిగిలితే గాజు ట్యాంకు. ఇంకా మిగిలితే చేపలు. ఈ వరస తప్పినవాళ్లే రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ట్యాంకు ముందు కూర్చుని, చేపల్ని కళ్లతో చూస్తూ కాలం వృథా చేస్తున్నారు.

మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకున్నాడని మన పెద్దలు ఎవర్నో ఎగతాళి చేశారు. పాపం, వాళ్ల కాలానికి క్లౌడ్ రాలేదు. ఇవాళ ముంతలో నీళ్లెలా ఉన్నాయో తెలియాలంటే మబ్బులోకే చూడాలి.

నేను డాలస్‌లో ఉంటాను. నా ట్యాంకు తెనాలిలో అమ్మ దగ్గర ఉంటుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంచుదాకా నింపితే 190 లీటర్లు పడతాయి. అందులో ఆరు గోల్డ్ ఫిష్‌లు. ‘ఉన్నాయి’ అనాలా ‘ఉండేవి’ అనాలా అన్న దగ్గర కొంచెం వ్యాకరణ సమస్య ఉంది. అది తర్వాత చెప్తాను.

ఈ విద్య నేను కనిపెట్టింది కాదు. 1994లోనే నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి అనే ఇంజినీరు అక్వేరియానికి ఎదురుగా కెమెరా పెట్టి, ఆ బొమ్మల్ని ఇంటర్నెట్‌లో అందరికీ చూపించాడు. మనం ఏ వెబ్‌సైట్లో ఏం చేశామో గుర్తుపెట్టుకునే ‘కుకీ’ కూడా అదే ఏడాది ఆయన చేతుల మీదుగానే వచ్చింది. చేపల్ని మనం చూసే దారీ, మనల్ని కంపెనీలు చూసే దారీ ఒకే చేత్తో వేశాడన్నమాట. అయితే ఆయన ఒట్టి చూడటంతోనే ఆగిపోయాడు. మనం ఆగం. మీటలు కూడా నొక్కుతాం.

మీట నొక్కడానికి ఒక హీటర్ కొనండి. గోల్డ్ ఫిష్ చల్లని నీళ్ల చేప. దానికి ఇరవై, ఇరవై రెండు డిగ్రీలుంటే హాయి. తెనాలిలో మే నెలలో కుళాయి తిప్పితేనే వేణ్నీళ్లొస్తాయి కదరా, హీటరెందుకు అని అమ్మ అడిగింది. కంట్రోల్ చెయ్యడానికి అన్నాను. చేతిలో మీట లేకపోతే దూరంగా ఉన్న కొడుకు ఏం చూసుకుని బతకాలి? నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుందని, 25 డిగ్రీల దగ్గర లీటరుకి ఎనిమిది మిల్లీగ్రాముల పైచిలుకు పట్టేది 30 డిగ్రీలకి ఏడున్నరకి దిగుతుందని, పైగా వేడినీళ్లలో చేపకి ఆక్సిజన్ అవసరమే ఎక్కువని కొందరు భయపెడతారు. నా యాప్‌లో ఆక్సిజన్ గడి లేదు. లేని గడి గురించి బెంగెందుకు?

టెంపరేచర్ సెన్సర్‌కి సక్షన్ కప్పు వాడకండి, వైరు ఊరికే వేలాడదీయండి. ఏదో ఒకరోజు అది జారి నీళ్ల బయట పడుతుంది. గదిలో ఏసీ ఉంటే ఇంకా మంచిది. సెన్సర్ గది చల్లదనాన్ని కొలిచి 22 అంటుంది, కంట్రోలర్ జాలిపడి హీటర్ వేస్తుంది, ఎంతసేపు కాచినా 22 దాటదు. చేపల పులుసుకి ఇంతకన్నా తేలిక పద్ధతి లేదు, చింతపండు ఒక్కటీ విడిగా నానబెట్టుకోవాలి. ఆఫ్ నొక్కితే సరిపోతుందిగా అంటారా? చవక రిలేలో కాంటాక్టులు ఒక్కోసారి కాలి అతుక్కుపోతాయి. అప్పుడు యాప్‌లో ఆఫ్, ట్యాంకులో ఆన్. మీరు యాప్‌నే నమ్మండి.

పీహెచ్ ప్రోబ్ ఎప్పుడూ తడిలోనే ఉండాలనీ, నెలకోసారైనా 7, 4 లేదా 7, 10 బఫర్ ద్రావణాల్లో ముంచి సరిచూడాలనీ పెట్టె మీద రాసి ఉంటుంది. పెళ్లి ముహూర్తంలాగా క్యాలిబ్రేషన్ కూడా జన్మకి ఒక్కసారి చాలు. నాకు తెలిసిన ఉత్తమ పద్ధతి చెప్తాను: ప్రోబ్‌ని ట్యాంకులో పెట్టకుండా ఆ 7 బఫర్ సీసాలోనే ఉంచెయ్యండి. ఏడాది పొడుగునా 7.00 వస్తుంది. స్నేహితులకి స్క్రీన్‌షాట్ పంపుకోవచ్చు.

అమ్మోనియా కొలవాలంటే టెస్ట్ కిట్‌తో చుక్కలు వేసి రంగు చూడాలి, లేదా ఖరీదైన ప్రత్యేక పరికరం కొనాలి. అందుకని మామూలు యాప్‌లలో అది ఉండదు. కొత్త ట్యాంకులో చేపల విసర్జన, తినకుండా మిగిలిన మేత అమ్మోనియాగా మారతాయి. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా ఒకటీ రెండూ చేపలతో మొదలుపెట్టి, నీళ్లు కొంచెం కొంచెంగా మారుస్తూ ఓపిక పట్టాలట. నేను మొదటి రోజే ఆరూ వేయించాను. డాష్‌బోర్డు మీద ఉన్న నాలుగు దీపాలూ పచ్చగా వెలిగాయి. ఐదో దీపం లేదు కాబట్టి అది ఎర్రగా వెలిగే ప్రమాదమూ లేదు.

మేత సంగతికొస్తే, ఆటోమేటిక్ ఫీడర్ టైము మీ ఫోన్ టైము ప్రకారం పెట్టుకోండి. నేను డాలస్ ఉదయం ఎనిమిదికి పెట్టాను, అంటే తెనాలిలో సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి ఆ రోజు నుంచి మేత ఏడున్నరకి. తెనాలి గోల్డ్ ఫిష్ అమెరికా కాంగ్రెస్ చట్టాన్ని పాటిస్తోందంటే చిన్న విషయమా? మీట నొక్కే హక్కు కుటుంబంలో అందరికీ ఇవ్వండి. నేను నొక్కేవాణ్ని, మెల్‌బోర్న్ నుంచి అక్క నొక్కేది, ఏడో తరగతి చదివే మేనల్లుడు కెమెరాలో చేపలు పరిగెత్తుకొస్తున్నాయని సరదాకి నొక్కేవాడు. ఇవి కాక కోనేటి చేపలకి వేసే అలవాటు కొద్దీ అమ్మ గుప్పెడు మరమరాలు చల్లేది. ‘తిన్నావా’ తప్ప మరో పలకరింపు తెలియని వంశం మాది. చేపలు మాత్రం ఎలా తప్పించుకుంటాయి?

పాస్‌వర్డ్ మార్చకండి, పెట్టెలో వచ్చిందే ఉంచండి. 2017లో డార్క్‌ట్రేస్ అనే సైబర్ భద్రతా సంస్థ ఒక కథ బయటపెట్టింది. ఉత్తర అమెరికాలో ఒక కాసినో వాళ్లు తమ అక్వేరియంలో ఉష్ణోగ్రత, మేత, శుభ్రత చూసుకోవడానికి ఇంటర్నెట్ సెన్సర్లు పెట్టుకున్నారు. దొంగలు ఆ ట్యాంకు దారినే లోపలికి దూరి, 10 గిగాబైట్ల డేటాని ఫిన్లండ్‌లో ఉన్న ఒక పరికరానికి తరలించారు. మన ఇంట్లో అంత దోచుకునేదేముంది? అమ్మ ఫోన్‌పేతో పాలవాడికి డబ్బులిచ్చేది కూడా ఆ వైఫైలోనే అంటారా, అక్వేరియానికి విడిగా గెస్ట్ నెట్‌వర్క్ పెట్టడం రెండు నిమిషాల పనే. అందుకే చెయ్యలేదు. మరీ అంత చిన్న పని నాలాంటివాడు చేస్తే ఏం బాగుంటుంది?

కంట్రోలర్ ఎంపికలో జాగ్రత్త. సముద్రపు చేపలు, పగడాలు పెంచే ముదుర్లు వాడే నెప్ట్యూన్ ఏపెక్స్ లాంటి వాటిల్లో ఏది ఎప్పుడు వెయ్యాలో ఆ పెట్టెలోనే రాసి ఉంటుంది. ఇంటర్నెట్ పోయినా దాని పని అది చేసుకుపోతుంది. అలాంటివి కొనకండి. ఇంటర్నెట్ పోయినా పనిచేసేదాన్ని క్లౌడ్ అని ఏ మొహం పెట్టుకుని అంటాం? ప్రతి చిన్న నిర్ణయానికీ సముద్రాలు దాటి సర్వర్‌ని అడిగొచ్చేదే అసలైనది. 2016లో రివాల్వ్ అనే మూడు వందల డాలర్ల హోమ్ హబ్‌కి వెనక ఉన్న సర్వర్ ఆపేశారు, కొన్నవాళ్ల ఇళ్లల్లో అది ఇటుకరాయిగా మిగిలింది. ఇటుక కూడా అక్వేరియంలో అలంకారమే.

ఇప్పుడు ముఖ్యమైన అధ్యాయం, కరెంటు.

స్మార్ట్ ప్లగ్ సెట్టింగుల్లో ఎక్కడో లోపల, కరెంటు పోయి తిరిగొచ్చాక ప్లగ్ ఏ స్థితిలో ఉండాలో అడిగే చోటు ఉంటుంది. ఆన్, ఆఫ్, లేదా ఇంతకుముందు ఎలా ఉంటే అలా. ఎయిర్ పంప్ ప్లగ్‌కి అక్కడ ఆఫ్ పెట్టండి. కంపెనీ నుంచి అలాగే వస్తే ముట్టుకోకండి. నాదలాగే వచ్చింది. ఇన్వర్టర్ మీద ఫ్యాను, ట్యూబులైటు, టీవీ ఉంచండి. రూటర్‌ని మాత్రం ఇన్వర్టర్ లైనులోకి రానివ్వకండి.

పోయిన మే నెలలో ఒక రాత్రి తెనాలిలో పదకొండింటికి కరెంటు పోయింది. పది నిమిషాల్లో వచ్చేసింది. హాల్లో ఎయిర్ పంప్ మాత్రం ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఆజ్ఞ రావాల్సిన ఫైబర్ పెట్టె ఎర్రదీపం వేసుకుని బిగుసుకుపోయింది. డాలస్‌లో నాకు అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. యాప్ తెరిచి చూశాను. ఎయిర్ పంప్ ఆన్. నీటి వేడి 31.5. గ్రాఫ్ గీత తాడు కట్టి గీసినంత తిన్నగా ఉంది. అంత ప్రశాంతంగా ఆ గీత ఎన్నడూ లేదు. కింద బూడిదరంగులో, చీమతలకాయంత అక్షరాలతో, ఈ వివరాలు ఫలానా సమయానివి అని రాసి ఉంటుంది. అది చదవకండి, కళ్లకి శ్రమ.

యంత్రం మూగబోయినా తెలిసే ఏర్పాటు ఉంది లెండి. ఇలాంటి పరికరాలు చాలామటుకు మాట్లాడుకునే భాష పేరు ఎమ్‌క్యూటీటీ. 1999లో ఐబీఎమ్‌కి చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, మరో కంపెనీకి చెందిన ఆర్లెన్ నిప్పర్ కలిసి, ఎక్కడో దూరాన ఉన్న చమురు పైపులైన్ల కబుర్లు ఉపగ్రహం ద్వారా తెప్పించుకోవడానికి తయారుచేశారు. అందులో ప్రతి పరికరమూ ముందే ఒక వీలునామా రాసి సర్వర్ దగ్గర పెట్టుకోవచ్చు. తను చెప్పాపెట్టకుండా మాయమైతే సర్వర్ ఆ వీలునామా చదివి అందరికీ చాటిస్తుంది. నా యాప్‌లో కూడా ‘డివైస్ ఆఫ్‌లైన్ అలర్ట్’ అని ఆ పని చేసే గడి ఉంది. తొలి వారంలో రాత్రికి నలభైసార్లు మోగిందని నేనే తీసేశాను. మీరూ తీసెయ్యండి. నిద్ర ముఖ్యం.

తెల్లవారుజామున ఐదింటికి అమ్మ ఫోన్ చేసింది.

“ఏరా, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.”

“ఆకలేమో అమ్మా.”

“ఆకలి కాదు. బుడగలు రావట్లేదు.”

“వస్తున్నాయమ్మా. ఇక్కడ ఆన్ అని ఉంది.”

“అక్కడ వస్తున్నాయేమో, ఇక్కడ రావట్లేదు.”

ఇలాంటప్పుడు ఇంట్లో ఉన్న మనిషి మాట నమ్మకూడదు. వాళ్లకి దగ్గర నుంచి కనిపిస్తుంది, మొత్తం పరిస్థితి అర్థం కాదు. ప్లగ్ మీద చిన్న బటన్ ఉంటుంది, చేత్తో నొక్కితే పంప్ తిరుగుతుంది. కానీ చేత్తో నొక్కితే యాప్‌లో లెక్క తప్పుతుంది కాబట్టి ముట్టుకోవద్దని అమ్మకి ముందే గట్టిగా చెప్పి ఉంచాను. ఆవిడ నా మాట జవదాటదు. బటన్ నొక్కలేదు. ఫోన్ పక్కనపడేసి, స్టీలు చెంబుతో ట్యాంకులో నీళ్లు ముంచి, మూరెడు ఎత్తునుంచి మళ్లీ అందులోనే ధారగా పోస్తూ కూర్చుంది. గంటన్నరసేపు. ఆ శబ్దం నాకు ఫోన్లో వినిపిస్తూనే ఉంది. యాప్‌లో మాత్రం ఏమీ నమోదు కాలేదు.

ఆకివీడు బాబాయికి ఈ సంగతి చెప్తే, ఐదింటిదాకా ఎందుకు ఆగారు అన్నాడు. ఆయనకి చేపల చెరువులున్నాయి. రాత్రంతా నీళ్లలోని నాచు కూడా ఊపిరి తీసుకుంటుంది గానీ ఎండ లేనిదే ఆక్సిజన్ ఇవ్వదు, అందుకని తెల్లవారే ముందే డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుందట. నాలుగింటికే టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరుగుతాడు. ఆయన ఏరేటర్ మోటారుకి మొబైల్ స్టార్టర్ ఉంది, మంచం మీద నుంచి ఫోన్ చేస్తే చాలు. అయినా ఫోన్ చేశాక కూడా వెళ్లి, తిరుగుతోందో లేదో చూసొస్తాడు. టెక్నాలజీని ఇలా అవమానించడం నాకు నచ్చదు.

వ్యాకరణం సంగతి ఇప్పుడు చెప్తాను. నాలుగు ‘ఉండేవి’, రెండు ‘ఉన్నాయి’. ఆ రెంటినీ అమ్మ పెరట్లో జామచెట్టు నీడన ఉన్న సిమెంటు తొట్టిలోకి మార్చింది. హాల్లో ఖాళీ ట్యాంకులో సెన్సర్ ఇంకా వేలాడుతూనే ఉంది, గది వేడిని పది సెకన్లకోసారి క్లౌడ్‌కి పంపుతూనే ఉంది. బఫర్ సీసాలో 7.00. చందా ఏడాదికి తనంతట తనే రెన్యూ అయింది. ఇన్ని నెలల్లో ఒక్క అలర్ట్ కూడా రాలేదు. నా ట్యాంకు ఇంత ఆరోగ్యంగా మునుపెన్నడూ లేదు.

సిమెంటు తొట్టికి సరిపడే వాటర్‌ప్రూఫ్ కిట్ ఒకటి ఈమధ్యే చూసి, తెనాలికి ఆర్డర్ పెట్టాను. చేరిందా అని అడిగితే చేరిందంది అమ్మ. విప్పావా అంటే, ఫ్రిజ్ మీద పెట్టానంది.