అబ్బయా, కోటు మరవబాక: సటీకా తాత్పర్యం

మూలం: “అబ్బయా, కోటు మరవబాక. నీళ్లల్లో బండి ఆపబాక. ఆగిందా, కిక్కు కొట్టబాక.”

అవతారిక: బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వచ్చిన సాయంత్రం నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఏ మెకానిక్ షెడ్డు ముందు నిలబడినా, మాటల్లో కాస్త అటూఇటూగా వినిపించే సూత్రాలివి. కర్త పేరు తెలియదు. చేతులకు గ్రీజు అంటినవాడని మాత్రం శైలి చెబుతోంది. టీకలు రాయడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరిది మెదక్ దగ్గరి కొల్చారం. మూలంలో లేనిది రాయనని ఆయన పట్టుదల. ఈ వ్యాఖ్యాతకు అంత నిష్ఠ లేదు.

ప్రతిపదార్థం: అబ్బయా = ఓ కుర్రవాడా (అరవై ఏళ్లవాడైనా ఈ పిలుపుకు అర్హుడే); కోటు = స్వెటరు కాదు, రెయిన్‌కోటు; మరవబాక = మరిచిపోకుము; నీళ్లల్లో = చెరువు కలుజు దాటి రోడ్డు మీద పారే నీటిలో; ఆగిందా = ఒకవేళ ఆగిపోయినట్లయితే; కిక్కు కొట్టబాక = స్టార్టు చేయబోకుము. బటన్ నొక్కేవారికీ ఇదే విధి.

“చలికాలంలో కోటంటే చలికోటే గదా” అని పూర్వపక్షి అడ్డు తగులుతాడు. అతడు లంబసింగి నుంచి వచ్చి ఉంటాడు. అక్కడ వెయ్యి మీటర్ల ఎత్తున, డిసెంబరు తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకునే రోజులుంటాయి. గాలి పది డిగ్రీలున్నా, అరవై వేగంతో పోయేవాడి ఒంటికి అది ఐదు డిగ్రీల చలి. వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు అందదు. చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనుక పాత కార్బురేటర్ బండికి చోక్ లాగాలి, అంటే గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచాలి. ఇంకా ముందుకు పోతే జర్మనీ ఉంది. అక్కడ 1956లో మొదలైన ‘ఏనుగుల కలయిక’కు నడిచలికాలంలో మోటారుసైకిళ్ల మీద వచ్చి బవేరియా అడవుల మంచులో గుడారాలు వేసుకునేవాళ్లున్నారు. ఏనుగంటే నిజం ఏనుగు కాదు, ‘పచ్చ ఏనుగు’ అని ముద్దుపేరున్న సున్‌డాప్ సైడ్‌కార్ బండి. వాళ్లకు కోటు అంటే చలికోటే. ఒప్పుకున్నాం.

నెల్లూరు తీరంలో ఆ అర్థం పొసగదు. ఇక్కడ జనవరి తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. మఫ్లర్ చుట్టుకునేవాళ్లు చుట్టుకుంటారు, అది అలంకారం. ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలదే, అక్టోబరుకూ డిసెంబరుకూ నడుమ. తక్కిన రాష్ట్రం గొడుగులు అటకెక్కించే వేళ ఇక్కడ బయటికి తీస్తారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దాటేముందు నెల్లూరును నిండా తడిపి పోయింది. కాబట్టి కోటు అంటే రెయిన్‌కోటే అని సిద్ధాంతం.

ఇక రెండో సూత్రం. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు కోవూరు దగ్గర జాతీయ రహదారే కోసుకుపోయింది, పడుగుపాడు వద్ద రైలు కట్ట కొట్టుకుపోయింది. అలాంటి ప్రవాహంలో దిగమని సూత్రకారుడు చెప్పడం లేదు. మోకాటి కిందికి, అడుగు కనిపిస్తూ, నిలకడగా ఉన్న నీళ్లకే ఈ మాట. ఇంజన్ నడుస్తున్నంతసేపూ పొగ తోసుకొస్తుంది గనుక సైలెన్సర్ గొట్టంలోకి నీళ్లు ఎక్కవు. ఆపితే ఎక్కుతాయి. అందుకే మొదటి గేరు, సగం క్లచ్, ఒకే తీరుగా యాక్సిలరేటర్. గట్టెక్కాక బ్రేకులు మెల్లగా పట్టి విడుస్తూ కొంత దూరం పోవాలి, తడిసిన డ్రమ్ బ్రేకు తొలిసారి పట్టదు.

మూడోదే అసలు రత్నం. ఎయిర్ ఫిల్టర్ గుండా నీళ్లు సిలిండర్‌లోకి చేరితే, గాలిలా అవి నొక్కితే నొక్కుకుపోవు. కిక్కు కొట్టినా బటన్ నొక్కినా పిస్టన్ పైకెళ్లి నీటిగోడకు గుద్దుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ప్లగ్ విప్పి నీళ్లు చిమ్మించాలి. ఆయిల్ పాలలా తెల్లబడిందేమో చూడాలి, తెల్లబడితే మార్చాలి. ఆ తర్వాతే కిక్కు.

విశేషం: మూలంలో ఉప్పు మాట లేదు, అది సూత్రకారుడి లోపం. బవేరియాలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇక్కడ ఆ ఖర్చు సముద్రమే పెట్టుకుంటుంది. కృష్ణపట్నం, కోడూరు గాలిలో ఉన్న ఉప్పు చెమ్మను పట్టుకుని చైనునూ రిమ్ములనూ తినేస్తుంది. ఐసుపెట్టె కట్టుకుని చేపలమ్మే టీవీఎస్ ఎక్సెల్‌కైతే లోపలి ఉప్పూ తోడు. మంచినీళ్లతో కడగడం, చైనుకు ఆయిల్ పెట్టడం తప్ప మందు లేదు.

మరొకటి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పులికాట్ సరస్సు నడుమగా పోయే రోడ్డు మీద అడ్డగాలికి చెట్టు చాటు కూడా లేదు. బండి గాలివైపు వంచి నడపాలి. అదే సమయంలో పక్కన నీళ్లలో ఫ్లెమింగోలు ఒంటికాలి మీద నిలబడి ఉంటాయి. వాటిని చూస్తూ నడపమని ఏ సూత్రంలోనూ లేదు.

పాఠాంతరం: గుంటూరు వైపు ప్రతుల్లో ‘కొట్టమాక’ అని ఉంది. అర్థభేదం లేదు, వంగిన రాడ్‌కు అయ్యే బిల్లులోనూ భేదం లేదు.