వద్దన్నవాడికి ఆరు నెలల సెలవు

అయితే ఇక వెబ్‌సైటు తెరవగానే అడ్డొచ్చే కుకీల పెట్టె బెడద వదిలినట్టేనట. 2025 నవంబరు 19న బ్రస్సెల్స్ పెద్దలు సెలవిచ్చారు. ఇకమీదట ఒక్క నొక్కుతో "వద్దు" అనొచ్చట. అలా అన్నవాణ్ణి ఆ సైటు ఆరు నెలల దాకా మళ్ళీ కదిలించకూడదట. ఎంత ఉదారం! నేను ఏ పేజీలో ఏం చూశానో, ఎంతసేపు చూశానో ఊరూ పేరూ తెలియని కంపెనీలకు అప్పగించడానికి మార్గశిరంలో ససేమిరా అన్నవాణ్ణి, జ్యేష్ఠం వచ్చేసరికి మెత్తబడతానని యూరోపియన్ కమిషన్ వారి లెక్క. ఎండలకు బుర్ర కరుగుతుందనుకున్నారో ఏమో.

ఇది ప్రతిపాదనే కదా, పార్లమెంటూ సభ్య దేశాలూ ఇంకా ఒప్పుకోవాలి కదా అని మీరనొచ్చు. నిజమే. కానీ చప్పట్లు అప్పుడే మొదలయ్యాయి. పీడ విరగడైందని సంబరపడుతున్నవాళ్ళలో ఒక్కరూ ఆ పీడను నెత్తికెత్తిందెవరని అడగడం లేదు.

ఎత్తింది ఆ బ్రస్సెల్సే: 2002లో ఒక ఆదేశం, 2009లో దానికో సవరణ, 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం. అన్నిటి సారం ఒక్కటే: మనిషిని అడక్కుండా అతని వెంట పడకూడదు. చెవులకింపుగానే ఉంది. దొంగతనం నేరమని రాయడానికి మనసొప్పక, ఇంటివాణ్ణి అడిగి మరీ దొంగిలించాలి అని రాశారన్నమాట. దొంగ బుద్ధిమంతుడు, చట్టమంటే భయభక్తులున్నవాడు. అప్పట్నుంచి పూటకు పదిసార్లు తలుపు కొట్టి "అయ్యా, లోపలికి రానా?" అని వినయంగా అడుగుతున్నాడు. వద్దంటే పోడు. కిటికీ దగ్గరికి తిరిగొచ్చి మళ్ళీ అడుగుతాడు. ఎప్పుడో ఒకప్పుడు విసిగి "ఏడువు" అంటాం. దాన్ని సమ్మతి కింద రాసుకుంటాడు.

ఈ పెట్టె గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, భరించండి. యూరప్ పత్రికలు చదవడం నాకో దురలవాటు. జర్మనీ రైళ్ళ ఆలస్యం మీద ఓ వార్త తెరుస్తాను. వార్త కనబడదు, తెరనిండా పెట్టె. మీ గోప్యత అంటే మాకు ప్రాణం అని మొదటి వాక్యం. దాని కింద అరచేతంత ఆకుపచ్చ బటన్: అన్నిటికీ ఒప్పుకుంటున్నాను. దాని పక్కన, బూడిదరంగు మీద బూడిదరంగు అక్షరాల్లో, మరిన్ని ఎంపికలు. "వద్దు" అన్నమాట కనుచూపుమేరలో ఉండదు. పట్టు వదలకుండా ఆ బూడిదలోకి దిగితే రెండో తెర. అక్కడ ప్రయోజనాల పట్టిక: ప్రకటనలు చూపడానికి, చూపిన ప్రకటనలను కొలవడానికి, కొలిచినదాన్ని మెరుగుపరచడానికి. ఒక్కోదానికీ ఒక్కో మీట. దాని కింద "మా భాగస్వాములు" అని మరో జాబితా. వందల్లో ఉంటారు. పాతికమంది కూడా పనిచేయని ఊరి పత్రికకు వందలమంది భాగస్వాములెక్కణ్ణుంచి వచ్చారో, వీళ్ళంతా కలిసి ఏం వ్యాపారం చేస్తున్నారో ఆలోచిస్తూ కూర్చుంటే రైలు వచ్చి వెళ్ళిపోతుంది కూడా.

మీటలన్నీ ఆపేశాను అనుకుంటాను. కాదు. ఆ పక్కనే లెజిటిమేట్ ఇంట్రెస్ట్ అని ఇంకో వరస. అంటే, మిమ్మల్ని అడగాల్సిన పనిలేకుండానే మీ వివరాలు వాడుకునే న్యాయమైన ప్రయోజనం తమకుందని ఆ భాగస్వాములు తమకు తామే ఇచ్చుకున్న సర్టిఫికెట్. ఈ వరసలో మీటలన్నీ ముందే వేసి ఉంటాయి. అభ్యంతరముంటే ఒక్కొక్కటీ ఆపుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఈ వరసను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే రావాలి.

మా మేనల్లుడు హైటెక్ సిటీలో కూర్చుని ఒక యూరప్ కంపెనీకి ఈ పెట్టెలే తయారుచేస్తాడు. చదివింది కంప్యూటర్ సైన్సు, చేసేది బటన్లకు రంగులు వేయడం. ఉండబట్టలేక అడిగాను, "వద్దు అనే బటన్ అంత చిన్నగా ఎందుకు పెడతార్రా?" అని.

"చిన్నదేం కాదు మావయ్యా. లీగల్ వాళ్ళు సరే అన్నంత ఉంది. రెండు వెర్షన్లు పెట్టి చూస్తాం. 'అన్నీ ఓకే' ఎక్కువమంది నొక్కినదాన్ని ఉంచుతాం."

"మరి 'వద్దు' ఎక్కువమంది నొక్కిన వెర్షనో?"

"దాన్ని బగ్ కింద రాసుకుంటాం."

వాడు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. సమ్మతి అంటే స్వేచ్ఛగా, తెలిసి, నిస్సందేహంగా ఇచ్చేదని జీడీపీఆర్‌లో అంత చక్కగా రాసుకున్న వాక్యం చివరికి ఓ ఆకుపచ్చ రంగు ముదురు లేతల పరీక్షగా తేలింది.

కోర్టులు ఊరుకున్నాయా అంటే, లేదు. ముందే టిక్కు పెట్టిన గడి సమ్మతి కాదని 2019 అక్టోబరులో ప్లానెట్49 కేసులో యూరప్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. టిక్కు గడులు పోయి రంగు బటన్లు వచ్చాయి. ఒప్పుకోవడానికి ఒక నొక్కు, కాదనడానికి పలు నొక్కులా అని 2022 జనవరిలో ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్లు జరిమానా వేసింది. 2025 సెప్టెంబరులో కుకీల గొడవ మీదే గూగుల్‌కు మళ్ళీ 32.5 కోట్లు, షీన్ అనే బట్టల కంపెనీకి 15 కోట్లు. గూగుల్ మాతృసంస్థ 2024 రాబడి 35 వేల కోట్ల డాలర్లు. ఆ లెక్కన రెండో జరిమానా వాళ్ళకు సగంరోజు కలెక్షన్ కూడా కాదు. వియన్నాలో మాక్స్ ష్రెమ్స్ స్థాపించిన నోయిబ్ అనే సంస్థ 2021లో ఇలాంటి పెట్టెల మీద కంపెనీలకు ఐదువందలకు పైగా ముసాయిదా ఫిర్యాదులు పంపింది. జీతాలిచ్చి పెట్టుకున్న అధికారులు చేయాల్సిన పని విరాళాలతో నడిచే సంస్థ చేయాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఫేస్‌బుక్ యజమాని మెటా వారికి మరో తెలివి పుట్టింది. 2023 నవంబరులో, మా నిఘాకు ఒప్పుకోండి, లేదా నెలకు 9.99 యూరోలు కట్టండి అన్నారు. జర్మనీ, ఆస్ట్రియా పత్రికలు అప్పటికే ఆ దారిలో ఉన్నాయి. ఇంతకీ కమిషన్ వారి ఇల్లు? తన సొంత సైటులో ఫేస్‌బుక్‌తో లాగిన్ అయ్యే బటన్ పెట్టి, ఒక జర్మన్ పౌరుడి ఐపీ అడ్రసు అమెరికాలోని మెటాకు చేరేలా చేసినందుకు, అతనికి 400 యూరోలు చెల్లించమని 2025 జనవరి 8న జనరల్ కోర్టు కమిషన్‌నే ఆదేశించింది. ఆ సైటు పెట్టింది యూరప్ భవిష్యత్తు మీద పౌరుల అభిప్రాయాలు సేకరించడానికి.

నవ్వులాట చాలు. ఈ బెడద తీరే దారి ఏనాడో ఉంది. బ్రౌజర్‌లో ఒక్కసారి "నా వెంట పడొద్దు" అని పెట్టుకుంటే, తెరిచిన ప్రతి సైటుకూ ఆ మాట దానంతట అదే వెళుతుంది. డూ నాట్ ట్రాక్ పేరుతో 2012 నాటికే ప్రధాన బ్రౌజర్లన్నిట్లో ఆ ఏర్పాటు వచ్చింది. సైట్లు వినలేదు, వినితీరాలని ఏ చట్టమూ చెప్పలేదు. దానికి ప్రమాణాలు రాయడానికి కూర్చున్న కమిటీ 2019లో చాప చుట్టేసింది. ఇలాంటి సంకేతానికే కాలిఫోర్నియా చట్టబలం ఇచ్చింది. దాన్ని లెక్కచేయని సెఫోరా అనే కంపెనీ 2022లో 12 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. అమెరికాలో ఒక్క రాష్ట్రం చేసిన పని, లోకానికి గోప్యత పాఠాలు చెప్పే 27 దేశాలు చేయలేకపోయాయి. చేయలేక కాదు, చేయనివ్వలేదు. ఈ-ప్రైవసీ నియమావళి అని 2017లో ముసాయిదా పెట్టారు. జీడీపీఆర్‌తోపాటే అమల్లోకి తెస్తామన్నారు. ఎనిమిదేళ్ళు నానబెట్టి, 2025లో ఏకాభిప్రాయం కుదరలేదని ఉపసంహరించుకున్నారు. ఏకాభిప్రాయం ఎవరితో కుదరలేదు? పెట్టెలు నొక్కి నొక్కి వేళ్ళు అరిగినవాళ్ళను ఎవరైనా అడిగారా?

ఇప్పుడు ఆ పెట్టె తీసేస్తామనే తాయిలం చేతికిచ్చి, అదే మూటలో ఇంకేం కట్టారో చూడండి. ఏఐ నమూనాలకు శిక్షణ ఇవ్వడానికి మన వ్యక్తిగత వివరాలు వాడుకోవడాన్ని లెజిటిమేట్ ఇంట్రెస్ట్ కింద లెక్కగట్టొచ్చట. గుర్తుందా, రెండో తెరలో, పక్క వరసలో, ముందే వేసి ఉంచిన మీట? అది ఇన్నాళ్ళూ ఒక మూల దాక్కుని బతికింది. ఇప్పుడు దాన్నే చట్టంలో పీట వేసి కూర్చోబెడుతున్నారు. దానితోపాటు, ఒక కంపెనీ దగ్గరున్న వివరాలతో ఆ కంపెనీ మిమ్మల్ని గుర్తుపట్టలేకపోతే, దాని మటుకు అవి వ్యక్తిగత వివరాలే కావు అనే ఇంకో సవరణ. దీన్ని సరళీకరణ అంటున్నారు. మోసపు బటన్లు పెట్టినవాళ్ళకు ఈ మూటలో శిక్ష లేదు, గడువు మీద గడువు ఉంది. పదహారేళ్ళు ఆ బటన్లు నొక్కి నొక్కి విసిగినవాడి విసుగునే సాక్ష్యంగా చూపించి, చూశారా, మీరే విసిగిపోయారు కాబట్టి చట్టాన్ని వదులు చేస్తున్నాం అంటున్నారు. ఇంతకన్నా సిగ్గుమాలిన వాదన నేను ఈమధ్య వినలేదు.

మిగతావి కూడా ఉన్నాయి, క్లుప్తంగా చెప్తాను. ప్రపంచంలోనే మొదటి సమగ్ర ఏఐ చట్టం అని జబ్బలు చరుచుకున్న చట్టంలో హై రిస్క్ వ్యవస్థల నిబంధనలు 2026 ఆగస్టులో రావాల్సినవి, ప్రమాణాలు సిద్ధంగా లేవని 2027 డిసెంబరు దాకా జరుపుతామన్నారు. కొన్నింటికి 2028 ఆగస్టు. ఏఐ వాడే కంపెనీలు తమ సిబ్బందికి దాని గురించి నేర్పించాలన్న బాధ్యతను ప్రభుత్వాల ప్రోత్సాహంగా మారుస్తామన్నారు. పాత రూళ్ళదీ ఇదే తంతు: బ్యాటరీ మనమే మార్చుకోగల ఫోన్లు కావాలని రూలు పెట్టారు, బ్యాటరీ బాగా మన్ని, ఫోను నీళ్ళను తట్టుకుంటే అక్కర్లేదని మినహాయింపూ ఇచ్చారు. గోటితో వెనక మూత తీస్తే బ్యాటరీ చేతిలో పడే ఫోన్లు లోకానికి అమ్మింది ఫిన్లండ్ కంపెనీయే. ఛార్జర్ ఒక్కటే అన్నారు, అది మాత్రం నిజంగా జరిగింది, ఒప్పుకోవాలి కదా. పిన్ను దగ్గర చూపిన పట్టుదల డేటా దగ్గర ఏమైందో.

మనం గట్టున కూర్చుని నవ్వడానికి లేదు. కమిషన్ ప్రకటనకు ఐదు రోజుల ముందే, నవంబరు 14న, మన డేటా రక్షణ నిబంధనలూ వచ్చాయి. 2023 నాటి చట్టం ప్రకారం సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగంలోని 22 భాషల్లో దేంట్లోనైనా చదువుకునే వీలివ్వాలి. అంటే పెట్టె తెలుగులోనూ వస్తుంది. మా మేనల్లుడికి పని కరువుండదు.

ఇంతకీ అసలు ముచ్చట చివరికి దాచాను. బ్రౌజర్ సంకేతానికి ఈసారి చట్టబలం ఇస్తామని కమిషన్ ప్రతిపాదనలో ఉంది. బ్రౌజర్ వద్దంటే సైటు అడక్కుండా వినాలి. ఒక్క వర్గానికి మాత్రం మినహాయింపు: పత్రికలు, వార్తాసంస్థలు. వాటి బతుకుతెరువు ప్రకటనలు కాబట్టి, స్వతంత్ర పత్రికారంగం బతకాలి కాబట్టి. అంటే నన్ను అందరికన్నా ఎక్కువ పీడించే సైట్లకే అనుమతి.

పత్రికల్లో రాసి పొట్టపోసుకునేవాణ్ణి నేను. ఈ దయ నాకక్కర్లేదు. ప్రకటన వేసుకోవడానికి పాఠకుడి వెంట గూఢచారిని పంపాల్సిన అవసరం అచ్చుపత్రికకు ఏనాడూ రాలేదు. చీరల కొట్టు ప్రకటన చీరలు కొనేవాళ్ళూ చూశారు, కొననివాళ్ళూ చూశారు. కొట్టూ నడిచింది, పత్రికా నడిచింది. ఆ మినహాయింపు వాక్యాన్ని కొట్టేసి, బ్రౌజర్ మాట వినని మొదటి పత్రికకే మొదటి తాఖీదు పంపండి. అప్పుడు ఆరు నెలల సెలవు సంగతి మాట్లాడుకుందాం.