చేర్చుకుంటాం, టీసీ తెచ్చుకో

కర్నూలు, కడప బడుల్లో ‘సమ్మిళిత విద్య’ లేదని గిట్టనివాళ్లు అంటారు. ఉత్త అబద్ధం. గోడలమీద రంగులతో రాసి మరీ పెట్టారు కదా! పిల్లలందరినీ రానిస్తారు. కాకపోతే చెప్పులతోపాటు భాష, యాస, ఊరు కూడా గేటు దగ్గరే విడిచి రావాలి.

2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ఇంగ్లీషు మీడియం బడి, తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో ‘నేనెప్పుడూ తెలుగు మాట్లాడను’ అని ఇంగ్లీషులో రాసి పలకలు వేలాడదీసింది. రాష్ట్రమంతా గగ్గోలు. పాపం, అనుభవం లేక పలకలకు ఖర్చుపెట్టారు. తెలివైన బడులు డైరీలో జరిమానా రాసి ఆదాయం చూసుకుంటాయి. 1820లో ఇదే కడపకు ఉద్యోగానికొచ్చి, తెలుగు ఒంటబట్టించుకుని, ఉచిత బడులు పెట్టిన బ్రౌన్ దొర ఇప్పుడు ఎల్‌కేజీలో చేరితే నెల తిరక్కుండా దివాలా తీస్తాడు.

కర్నూలుకు 2016లో ఏకంగా ఉర్దూ విశ్వవిద్యాలయమే వచ్చింది. ఇంకా ఒకటో తరగతిలో ఉర్దూలో విడమరిచి చెప్పే టీచరు కూడా కావాలంటే ఎట్లా? పీహెచ్‌డీ దాకా ఓపిక పట్టాలి. అందాకా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, పరీక్షలో మౌనం.

ఉగాదినాడు దేవుని కడప గుడిలో వెంకన్నకు ముస్లింలు టెంకాయ కొట్టే జిల్లా ఇది. ఇక్కడి టీచర్లకు ‘భిన్న సంస్కృతుల అవగాహన’ నేర్పేందుకు రిసోర్స్ పర్సన్ విజయవాడ నుంచి పెన్‌డ్రైవ్‌తో దిగుతాడు.

ఇక వలస. కర్నూలు జిల్లాలో కోసిగి, ఆదోని, మంత్రాలయం పల్లెలు సగం ఖాళీ అయి గుంటూరు మిరప చేలకు పోతాయి. కోతలు ముదిరేసరికి వార్షిక పరీక్షలు ముంచుకొస్తాయి. మిరపచెట్టుకు అకడమిక్ క్యాలెండరు పంపడం ఎవరో మరిచారు.

“ఇన్నాళ్లు యాడికి పోయింటివి రా?”

“మిరపకాయలు కోసేకి పోయింటిమి సార్.”

కాటాలో ఎన్ని కిలోలు కొట్టేశారో నోటితో చెప్పగలిగిన పిల్లోడు వాడు. రిజిస్టర్లో గైర్హాజరు, లెక్కల్లో సున్న. ఇట్లాంటివాళ్ల కోసం సీజనల్ హాస్టళ్లున్నాయి. వలస కదిలేది పంట ఎండిన రోజు, హాస్టలు తెరిచేది ఫైలు కదిలిన రోజు.

బేల్దారి పనికని తండ్రి కర్నూలు చేరి, పిల్లోణ్ణి నగరం బడికి తీసుకుపోయాడనుకోండి. టీసీ ఆలస్యమైందని చేరిక ఆపరాదని 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం చెబుతోంది. చట్టం తెలిసిన గుమాస్తా ‘చేర్చుకోం’ అనడు. “దానికేముందప్పా, చేర్చుకుంటాం. టీసీ తెచ్చుకో” అంటాడు. కోసిగి పోయిరావాలంటే ఒకరోజు కూలి పోతుంది. అక్కడి హెడ్‌మాస్టరు ట్రైనింగుకు పోయుంటే రెండు రోజులది. ఏం ట్రైనింగో వేరే చెప్పాలా?