ప్రచురణకర్తగారి లేఖ: నిర్జీవనీ వ్యాఖ్యా సహితం

మూలం

"ఆర్యా! తమ నవల అందినది. శైలి హృద్యముగా నున్నది. ప్రస్తుతము పరిశీలనలో నున్నది. ప్రచురణార్హమైనచో యథావకాశముగా తెలియజేయగలము. ఇకముందును రచనలు పంపుచుండగలరు."

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టుకోడూ మరి? ఆయన ముందున్నది రఘువంశం. నా ముందున్నవి పై అయిదు వాక్యాలు. వీటిలో ఉన్నదే రాయాలంటే కలం మూసి లేవాలి. అందుకని ఒట్లు లేవు. పైగా నవల నాదే గనక వ్యాఖ్యాతకు నిష్పాక్షికత అనే దోషమూ అంటదు.

టీక

ఆర్యా, నవల, అందినది: సుగమం. హృద్యము: ఫైలు తెరవకుండానే కనిపెట్టగలిగే గుణం.

పరిశీలనలో నున్నది: పైకి వర్తమానం. కాని చిన్నయసూరి చెప్పిన తద్ధర్మం కింద జమకట్టాలని నా మతం. అంటే ఏ ఒక్క కాలానికీ కట్టుబడక వస్తువు స్వభావాన్ని చెప్పేది. సూర్యుడు తూర్పున ఉదయించును, నిప్పు కాల్చును, నవల పరిశీలనలో నుండును.

ఐనచో: చేదర్థకం. కానిచో ఏమవుతుందన్నది అధ్యాహారం. ఆ అధ్యాహారం చేసుకోవలసినవాడు రచయిత, ఫోను చూసుకుంటూ.

తెలియజేయగలము: సామర్థ్యం ఉన్నదన్నారు. తెలియజేస్తామని ఎవరన్నారు?

విశేషం

లేఖ మొత్తంలో వ్యతిరేకార్థక క్రియ ఒక్కటి లేదు. అయినా చదివినవాడికి అర్థమయ్యేది "వద్దు" అనే. ఇది ధ్వని. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీరంలో ఆనందవర్ధనుడు దీనికి ఉదాహరణ వెతుక్కుంటూ మన గోదావరి ఒడ్డుకు వచ్చాడు. హాలుడి గాథల్లోని ముచ్చట అది. గోదావరి గట్టున ఒక పొదరిల్లు. ఒకావిడ తన ప్రియుణ్ణి కలుసుకునే చోటు. పూలకోసమని ఒక సాధువు అక్కడే తచ్చాడుతుంటాడు. ఆయనకు కుక్కంటే హడలు. ఆవిడ ఎంతో మర్యాదగా, ఇక నిర్భయంగా తిరగండి స్వామీ, ఆ కుక్కను పొదలో ఉండే సింహం చంపేసిందిలెండి అంటుంది. మాట "తిరగండి". భావం "ఛస్తే ఇటు రాకండి".

దీని మీద జరిగిన చర్చ చూడాలి! మహిమభట్టు అనే ఆలంకారికుడు లేచి, ధ్వనీ లేదు గినీ లేదు, ఉత్త అనుమాన ప్రమాణం అన్నాడు: సింహం ఉన్నది, సాధువు పిరికివాడు, కనక రాడు. ధ్వని పక్షంవాడైన మమ్మటుడు ఊరుకున్నాడా? పిరికివాడు రాడని ఎవరు చెప్పారయ్యా? గురువు ఆజ్ఞాపిస్తే వస్తాడు, వలచిన మనిషి కోసం వస్తాడు, నిధి దొరుకుతుందంటే వస్తాడు. కుక్క తాకితే మైల అని జడిసేవాడు సింహానికి జడవకపోవచ్చు. అసలు సింహం ఉన్నదన్న మాటకు సాక్షి ఎవరు, ఆవిడే కదా! ఒక చచ్చిన కుక్క మీద ఇంత వాదం నడిపిన జాతి మనది. నాకు మమ్మటుడి పక్షమే ఇష్టం, ఆ పిరికివాడిలో నవలా రచయిత కనిపిస్తాడు కనక.

నవల మాట మరిచాను. మన కథలో కుక్క ఏది? వారపత్రికల రోజుల్లో తగిన స్టాంపులు జతచేస్తే రాతప్రతి తిరుగు టపాలో గుమ్మంలో పడేది, "ప్రచురించలేకపోతున్నాము" అన్న చీటీతో. కరిచేది, నిజమే. కాని కరిచిందని తెలిసేది, మందు రాసుకుని ఇంకో పత్రికకు పంపేవాళ్లం. ఆ కుక్క పోయింది. ఇప్పుడు పొదలో ఉన్నది కొటేషన్. నెలల మౌనం తర్వాత ఒకనాడు వాట్సాప్‌లో గర్జిస్తుంది: డెమీ సైజు, 280 పేజీలు, 500 కాపీలు, మల్టీకలర్ కవరు, "రచయిత సహకారంతో". అర్హత అప్పటికప్పుడు వచ్చేసింది.

సొంత డబ్బుతో అచ్చు వేసుకోవడం తప్పని నేననను. వీరేశలింగంగారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధనిలో వచ్చింది. పత్రిక ఆయనదే, పరిశీలనలో ఎన్నాళ్లుందో ఊహించుకోవచ్చు. తర్వాత 1890లలో చింతామణి పత్రిక నవలలకు పోటీలు పెట్టి ఎదురు బహుమతులిచ్చింది. ఇంకా వెనక్కి పోతే, పెద్దన పల్లకీని రాయలు తన చేత్తో ఎత్తాడని చెప్పుకుంటాం. నేటి కృతిపతికి కాగితం ఖరీదు, షాపుల కమీషను, గోడౌనులో కదలని కట్టలు, అన్నీ ఉన్నాయి. ఒప్పుకుంటాను. డబ్బు కావాలంటే మొదటి ఉత్తరంలోనే అడగవచ్చు. చదవలేదంటే చదవలేదని చెప్పవచ్చు. పల్లకీ బాడుగ కవి చేత కట్టించుకుంటూ రాయలవారి దర్పం ఒలకబోయడమే వెగటు.

ఆ నవలను మొదటినుంచి చివరిదాకా చదివినవాడు డీటీపీ కుర్రాడొక్కడే. పేజ్‌మేకర్ ఫైలే కావాలన్నారని అతని దగ్గర కూర్చున్నాను. యూనికోడ్ నుంచి అనూ ఫాంట్లలోకి మారుస్తుంటే ఒత్తులు ఎక్కడికక్కడ ఊడిపోతున్నాయి. ఒక్కొక్కటే అతికిస్తూ, తెరమీంచి చూపు తిప్పకుండా అడిగాడు: "సార్, ఆ మేనత్త మళ్లీ ఊరికి రాలేదేంటండీ?" పరిశీలన అనే మాటకు నిఘంటువులో ఉదాహరణ కావాలంటే ఇదిగో.

తాత్పర్యం

మొదటి నాలుగు వాక్యాలకు: వద్దు.

అయిదో వాక్యానికి: సగం అడ్వాన్సు. జీఎస్టీ అదనం.