ఆఖరి మడుగు: ఒక కొర్రమీను ఆత్మకథ

నేను కొర్రమీనుని. పుదుచ్చేరి పట్టణానికి పడమరగా, పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊసుటేరి చెరువు మా ఊరు. ఆత్మకథ అనగానే పుట్టిన తీరూ పెరిగిన తీరూ పడ్డ కష్టాలూ వరుసగా ఏకరువు పెట్టడం మనుషుల ఆనవాయితీ. చేపకు అలాంటి కథ కుదరదు. మా జాతికంతటికీ జరిగేదే నాకూ జరుగుతుంది, అంతకు మించి నాకంటూ విడిగా చరిత్ర లేదు. అందుకని నా కథ ఒక వాదన రూపంలోనే చెప్పగలను. వేసవి చివర చెరువులో చేపలు తేలిగ్గా చేతికి చిక్కుతాయి. దాన్ని చూసి జనం చెరువు చేపలతో కళకళలాడుతోందనుకుంటారు. అది నిండుతనం కాదు, ఇరుకు. ఆ నెలల్లో పట్టేది ఆ ఏటి పంటలో మిగులు అనుకుంటారు గానీ అందులో సగం వచ్చే ఏటి విత్తనమే. విత్తనాల గాదె ఊడ్చి వండుకున్న రైతును ఎవరూ మెచ్చుకోరు. చెరువు ఊడ్చినవాడి దగ్గరికి మాత్రం బుట్టలు పట్టుకుని వెళ్తారు.

ముందు మా వేసవి సంగతి చెప్పాలి, ఎందుకంటే అది తెలుగువారి వేసవి కాదు. మీ నేల మీద ఎండలు రోహిణి కార్తెలో రోళ్లు పగలగొట్టి మృగశిరతో చల్లబడతాయి. మృగశిర మొదలైన రోజున హైదరాబాదులో చేపల కొట్ల ముందు జనం వరుసలు కడతారు. ఆ రోజుల్లోనే ఉబ్బసం ఉన్నవాళ్ల చేత మందుతో కలిపి మింగించేది మా పిల్లల్నే. తెలంగాణ 2016లో మమ్మల్ని రాష్ట్ర చేపగా కూడా ఎంచుకుంది. గౌరవించడమూ మింగడమూ ఒకే చోట జరగడం మా జాతికే చెల్లింది, అది వేరే మాట. పుదుచ్చేరి చెరువులకు మృగశిర తెచ్చే ఊరట ఏమీ లేదు. ఇక్కడ ఏడాది మొత్తంలో కురిసే సుమారు 1,300 మిల్లీమీటర్ల వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనంతోనే పడుతుంది. నైరుతి కాలంలో సాయంత్రాలు ఉరిమి కురిసే జల్లులు నేలను తడుపుతాయే గాని చెరువును నింపవు. ఇదే పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాంలో గోదావరి ఎర్రనీరు ఒడ్లు ఒరుసుకుంటూ పారే నెలల్లో ఊసుటేరి అడుగు కనబడుతుంది. పంచాంగం ఏమన్నా, చెరువు లెక్కలో వేసవి చివర అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా.

ఊసుటేరి సహజంగా ఏర్పడ్డ సరస్సు కాదు, సాగు కోసం మనుషులు కట్ట పోసి నిలిపిన చెరువు. విస్తీర్ణం దాదాపు 800 హెక్టార్లు. కొంత పుదుచ్చేరిలో, కొంత తమిళనాడులోని విళుప్పురం జిల్లాలో ఉంది. శంకరాభరణి నది నీళ్లు కాలవ ద్వారా ఇందులోకి వస్తాయి. ఇలాంటి చెరువు పళ్లెంలా వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది. ఒక్క మూర నీరు తగ్గితే చాలు, ఎకరాలకు ఎకరాలు బయటపడతాయి. నవంబరులో ఇంత నీటిలో చెదిరి ఉన్న చేపలే ఆగస్టులో తూముల ముందరి పల్లంలో, పాత మట్టి తవ్వకాల గుంటల్లో పోగవుతాయి. నీటి పరపు పదో వంతుకు కుంచించుకుపోతే, చేప ఒక్కటి కూడా పెరగకుండానే ఒక విసురు వలకు పడేది పది రెట్లవుతుంది. తమిళనాట శివగంగ, పుదుక్కోట్టై, మదురై జిల్లాల్లో ఎండాకాలంలో జరిగే చేపలు పట్టే తిరునాళ్లకు ఆధారం కూడా ఇదే. ఊరు ఊరంతా ఊతలూ వలలూ బుట్టలూ పట్టుకుని ఒక్కసారి అడుగంటిన చెరువులోకి దూకుతారు, అందరికీ పులుసుకు సరిపడా దొరుకుతుంది. ఆ వేడుక మీద నాకు కోపం లేదు. ఆ బుట్టల్ని చూసి చెరువు ఆరోగ్యాన్ని లెక్కగట్టే తెలివి మీదే నా ఫిర్యాదు.

చిక్కే చేప ఎంత ఉందన్నదాని కన్నా, ఎందుకు చిక్కుతుందన్నది చూడాలి. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో దాదాపు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాములకే పరిమితి. లోతు తగ్గిన నీటిలో పచ్చగా పేరుకున్న నాచు పగలు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా దాన్ని తానే పీలుస్తుంది. అడుగున కుళ్లే ఆకూ అలమూ తమ వంతు తీసుకుంటాయి. తెల్లవారుజాముకు మిగిలేది అతి తక్కువ. ఆ వేళ బొచ్చెలూ శీలావతులూ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని తేలుతుంటాయి. ఒడ్డున గాలం వేసేవాళ్లకు తెల్లవారుజామే మంచి వేళ అని ఒక నమ్మకం. చలికాలంలో నిండు చెరువు మీద అది పనిచేస్తుంది. వేసవి చివర ఊపిరాడని చేప ఎర వైపు చూడదు. ప్రొద్దెక్కి నాచు పని మొదలుపెట్టాకే దానికి ఆకలి గుర్తొస్తుంది. పైకి తేలిన చేపల్ని చూసి ఈ రోజు తెగ దొరుకుతాయనుకునే వలవాడు పొరబడడు, నిజంగానే దొరుకుతాయి. అవి మేతకు రాలేదు, గాలికి వచ్చాయి. మబ్బు పట్టిన రెండు రోజులు గడిచి, పెద్ద జల్లు ఒకటి పడి అడుగు బురద లేచిందంటే, వల వేయకుండానే అవి వెల్లకిలా తేలతాయి.

నా సంగతి వేరు. నా తలలో మొప్పల పైభాగాన గాలి నిలుపుకునే అరలున్నాయి. కాసేపటికోసారి పైకి వచ్చి గుటక వేసి పోతాను. నీటిలో ఆక్సిజన్ పడిపోయినా నాకు పెద్దగా లోటు లేదు. కానీ పైకి రాకుండా నన్ను నీటిలోనే అదిమిపెడితే ఉక్కిరిబిక్కిరై చస్తాను. నీటిలో మునిగి చచ్చే చేప అంటే మీకు నవ్వొస్తుందేమో. మార్పు, ఇంగిలాయి కూడా గాలి పీల్చే రకాలే. నీళ్లు పూర్తిగా ఇంకినా ఒంటి మీద తడి ఆరనంత వరకు మేము బురదలో దాక్కుని వారాల తరబడి నెట్టుకురాగలం, వాన పడితే తడి నేల మీద పాక్కుంటూ పక్క గుంటకు చేరగలం. ఎండిన చెరువును తట్టుకోవడానికే మా ఒళ్లు ఇలా తయారైంది. అయితే నన్ను కాపాడే ఈ గుటకే నన్ను పట్టిస్తుంది కూడా. కలువాకుల మధ్య నీరు చిన్నగా కదిలిన చోట కప్పను ఎరగా కట్టి గాలం వేసేవాడికి నా చిరునామా దొరికినట్టే. లోతు ఉంటే పక్కకు తప్పుకుంటాను. మోకాలి లోతు నీటిలో ఎక్కడికి పోను?

అయితే ఏమిటి, ఎలాగూ ఎండిపోయే చెరువే కదా, వదిలినా కొంగల పాలో ఎండల పాలో అయ్యే చేపను మనిషి తింటే నష్టమేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బొచ్చె, శీలావతి విషయంలో దానికి నా దగ్గర జవాబు కూడా లేదు. నీరు ఇంకే గుంటలో అవి బతకవు, పట్టుకోవడమే మేలు. అవి ఈ చెరువులో సంతతిని మిగల్చవు కూడా. పారే నది నీటిలో తప్ప నిలవ నీటిలో అవి గుడ్లు పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలీకున్హి అనే శాస్త్రవేత్తలు పీయూష గ్రంథి రసం ఎక్కించి ఆ జాతి చేపల చేత గుడ్లు పెట్టించడంలో గెలిచారు. అందుకే ఏటా జూలై 10న జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుతారు. చెరువుల్లో పోసే ఈ రకాల పిల్లలు దాదాపు అన్నీ ఆ విద్య వల్ల వచ్చినవే. కాబట్టి ఎండే గుంటలో బొచ్చెల్ని మిగల్చమని నేను అడగడం లేదు. అదే తర్కాన్ని మా మీద రుద్దితేనే తప్పు. మేమూ, జెల్లలూ, పరిగెలూ నర్సరీ నుంచి డబ్బాల్లో రాము. గుంటలో మిగిలిన జతలే మళ్లీ చెరువును నింపాలి. వానలు పడగానే నాచూ తుంగా కొరికి గుండ్రంగా గూడు చేసుకుని వేల గుడ్లు పెడతాం, ఎర్రటి పిల్లల మంద పైకి వచ్చి గాలి గుటకలు వేస్తుంటే కింద కాపలా తిరుగుతాం. ఒక్క జత మిగిలినా పని జరుగుతుంది. ఒక్కటీ మిగలకపోతే ఎన్ని వానలు పడినా జరగదు.

చేపలు పెంచేవాళ్లు ఇక్కడ కళ్లెర్రజేస్తారని తెలుసు. కొర్రమీను మాంసాహారి, పోసిన పిల్లల్ని మింగేస్తుంది, దాన్ని మిగల్చమంటే పిల్లిని పాలకు కాపలా పెట్టమన్నట్టే అంటారు. పిల్లలు పెంచే చిన్న కుంటలో ఆ మాట నిజం. అక్కడ ఇప్ప చెక్క చల్లి మమ్మల్ని ముందే ఏరివేయడాన్ని నేను తప్పుపట్టను. పెద్ద చెరువులో లెక్క మారుతుంది. అక్కడ వేలెడు దాటిన పిల్లల్ని పోస్తే నా నోటికి పట్టేవి తగ్గుతాయి. పైగా బజారులో ప్రాణంతో ఉన్న కొర్రమీనుకు పలికే ధర బొచ్చెకు పలకదు. ఖరీదైన దాన్ని చంపి చవకైన దాన్ని కాపాడే లెక్క నాకు అర్థం కాదు. ఇందులో నా స్వార్థం లేదని మాత్రం అనను.

వీటన్నిటికన్నా బరువైనది చేపల మీద బతికేవాళ్ల మాట. చెరువు పాడుకున్నవాడు వేలంలో డబ్బు కట్టాడు, అది రాబట్టుకోకపోతే అతని ఇంట్లో పొయ్యి వెలగదు. ఎండాకాలం చివర అతను ఆఖరి గుంట కూడా తోడి పట్టడం అత్యాశ అనుకోవడం అన్యాయం. గడువు అతని చేత ఆ పని చేయిస్తోంది. తమిళనాట రెవెన్యూ లెక్కలు ఫసలీ సంవత్సరం ప్రకారం నడుస్తాయి. అది జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. చేపల పాటలు కూడా చాలాచోట్ల ఆ లెక్కనే సాగుతాయి. అంటే పాటదారు హక్కు సరిగ్గా నీళ్లు అడుగంటే వేళకు తీరిపోతుంది. జూన్ 29న గుంటలో వదిలిన కొర్రమీను అతనికి నష్టం, జూలైలో వచ్చే కొత్త పాటదారుకు ఉచిత లాభం. ఏ తెలివైన మనిషి వదులుతాడు? అదే పాట మూడు, నాలుగేళ్లకు ఇస్తే వదిలిన జత అతని పెట్టుబడే అవుతుంది. ఏడాదికే ఇవ్వక తప్పకపోతే గడువు చెరువులో నీళ్లున్న నెలకు జరిపినా చాలు. అప్పుడు ఎంత ఆశ ఉన్నా వలకు అందనివి కొన్ని మిగులుతాయి.

ఊసుటేరి అభయారణ్యం కదా, ఇక్కడ ఈ గొడవంతా ఎందుకనే వాదన ఒకటి మిగిలింది. నిజమే, పుదుచ్చేరి తన భాగాన్ని 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది, తర్వాత తమిళనాడు కూడా తన వైపు అదే చేసింది. కానీ చట్టం వలను ఆపగలదు, నీరు ఇంకడాన్ని ఆపలేదు. పుదుచ్చేరి ప్రాంతంలో చెరువులు 84 ఉన్నాయి. ఐరోపా సమాఖ్య సాయంతో 1999లో వాటి పునరుద్ధరణ చేపట్టారు. వాటిలో అభయారణ్యమైనది ఇదొక్కటే. బాహూరు పెద్ద చెరువుకు గానీ, ఇళ్ల మధ్య చిక్కుకున్న వేల్రాంపేట చెరువుకు గానీ ఆ గొడుగు లేదు. ఇక పక్షులంటారా, ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ నీటికాకులూ మమ్మల్ని తింటాయి, అందులో దాపరికం లేదు. అయినా ఏ కొంగా నన్ను బురద లోపలి నుంచి తవ్వి తీయదు. ఆ పని చేసేది వేసవిలో పూడిక తీయడానికి దిగే జేసీబీ. పూడిక తీయడం మంచిదే, లోతు పెరిగితే మొదట బాగుపడేది నేనే. అడుగంతా చదును చేసి, తడి ఉన్న ఆఖరి గుంటను కూడా ఎత్తి లారీలో పోస్తేనే ముప్పు. తూము మట్టం కన్నా దిగువన ఒక లోతైన మడుగు వదిలితే రైతుకు ఒక్క చెంబు నీరు తగ్గదు, ఎందుకంటే ఆ మట్టం కింది నీరు తూములోకి ఎక్కదు.

2016లో ఈశాన్య రుతుపవనం తమిళనాట 60 శాతానికి పైగా లోటుతో ముగిసింది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటి ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిపించింది. చెరువును నింపేది ఆకాశం, దాని మీద ఎవరి పెత్తనమూ లేదు. నీళ్లు వచ్చిన రోజున అందులో ఈదడానికి ఎవరుండాలన్నది మాత్రం పాట గడువు రాసేవారి చేతిలో, పూడిక పటం గీసేవారి చేతిలో, కొంత మీ చేతిలో ఉంది. ఆగస్టులో బజారులో కొర్రమీను చవకగా దొరికితే అది ఏ గుంట తోడితే వచ్చిందో అమ్మేవాళ్లను అడగండి. ఆ నెలలో పులుసుకు బొచ్చె కొనుక్కోండి, కొర్రమీనుకు జనవరి దాకా ఆగండి.