నెట్ అన్న

జగిత్యాలలో నెట్ అన్న, కోరుట్లలో వైఫై తమ్ముడు, సిరిసిల్లలో కెమెరా ఆయన. మనుషులు వేరు, జాతి ఒక్కటే. భుజాన నీలం కేబుల్ చుట్ట, జేబులో టెస్టర్, చెవికీ భుజానికీ నడుమ ఇరికిన ఫోను. "మీ గల్లీలనే ఉన్న, రెండు నిమిషాలల్ల వస్త" అని ఆ ఫోన్లో చెబుతున్నప్పుడు ఆయన ఇంకా స్నానం కూడా చేసి ఉండడు.

పనితనానికి మాత్రం వంక పెట్టలేం. కోరుట్లలో దుబాయి కొడుకు కట్టించిన ఇంటి గేటు ఆ కొడుకు ఫోన్లో కనబడేట్టు చేసేదీ, సిరిసిల్లలో సాంచెలు నడుస్తున్నాయో ఆగాయో ఆసామి ఇంట్లోంచే చూసుకునేట్టు చేసేదీ ఈయనే. రూటర్ పెట్టాక బ్రౌజర్లో 192.168.0.1 కొడతాడు. చిన్న డబ్బా లేచి పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. రెండింటికీ జవాబు "అడ్మిన్". మార్చమంటే, "మీరు మరిచిపోతరు, మల్ల నాకే ఫోన్ చేస్తరు" అంటాడు. అదీ నిజమే.

ఆయనకు చిక్కంతా లేచి వెళ్లేటప్పుడు. జగిత్యాలలో ఒక రిటైర్డ్ లెక్కల సారు పట్టుకున్నారు.

"లాగౌట్ చేసినవారా?"

"చేసిన సార్" అని ఎక్స్ గుర్తు నొక్కాడు.

సారు మళ్లీ ఆ నంబరే కొట్టారు. ఏమీ అడక్కుండానే పేజీ తెరుచుకుంది.

"హిస్టరీల ఉన్నట్టుంది సార్." హిస్టరీ తుడిచాడు. మళ్లీ తెరుచుకుంది.

"లాగౌట్ బటన్ ఏదిరా?"

"ఈ మోడల్‌కు రాదు సార్. పై మోడల్‌కు వస్తది."

ఇందులో అబద్ధం సగమే. డబ్బా లేచి పేరు, పాస్‌వర్డ్ అడిగే ఈ పద్ధతిని బేసిక్ అథెంటికేషన్ అంటారు. ఇందులో లాగౌట్ అన్న ఏర్పాటే లేదు. సర్వర్ మనల్ని గుర్తు పెట్టుకోదు. గుర్తు పెట్టుకునేది బ్రౌజర్. ఒకసారి చెప్పిన పేరునూ పాస్‌వర్డునూ ఒక మూట కట్టి, పేజీ అడిగిన ప్రతిసారీ తనే చూపిస్తుంది. ఆ మూటకు ముడి కూడా గట్టిది కాదు, బేస్64 అనే రాత తెలిసిన ఎవరైనా విప్పుతారు. ట్యాబు మూస్తే చాలదు, బ్రౌజర్ కిటికీలన్నీ మూయాలి.

ఈ పద్ధతి రాసిపెట్టిన 1996 నాటి పత్రంలో ఉదాహరణకు వాడిన పేరు అల్లావుద్దీన్, పాస్‌వర్డ్ 'ఓపెన్ సెసేమ్'. ఆ మాట అలీబాబాది కదా అని ఎవరూ అడిగినట్టు లేదు, 2015లో తిరగరాసినప్పుడూ అల్లావుద్దీనే ఉన్నాడు. అలీబాబా గుహకైతే మూసే మాట కూడా ఉంది. ఇక్కడ అదీ రాయలేదు. గుహలో అలీబాబా అన్న కాసిం సరైన మాట మరిచి లోపల చిక్కుకున్నాడు. ఇక్కడ తప్పు మాట చెబితేనే బయటపడతాం.

నెట్ అన్న చివరికి చేసిందీ అదే. అడ్రసుకు ముందు తప్పు పేరు, తప్పు పాస్‌వర్డుగా 'టాటా:టాటా@' అని చేర్చి కొట్టాడు. రూటర్ ఈ టాటా ఎవరో తెలియదంది, బ్రౌజర్ పాత మూట పారేసింది, డబ్బా మళ్లీ లేచింది. క్యాన్సిల్ కొట్టాడు.

సారు కళ్లజోడు సర్దుకున్నారు. "అంటే తప్పు చెప్తెనే బయటికి పంపుతదా?"

"అవ్ సార్. మీ క్లాసుల నేనెప్పుడూ బయటనే ఉంటుంటి గదా."