క్యాంపుకెళ్ళొచ్చిన కరణం

అమెరికాలో బడులకు వేసవి సెలవులిచ్చేసరికి మనవాళ్ళ ఇళ్ళలో ఎవరో ఒక పిల్లవాడు పెట్టె సర్దుకుని మిషిగన్‌కో స్టాన్‌ఫర్డ్‌కో బయల్దేరతాడు. రెండు మూడు వారాలు యూనివర్సిటీ హాస్టల్లో ఉండి డిబేట్ నేర్చుకుని వస్తాడు. ఇదేదో మనవాళ్ళు తెచ్చిపెట్టిన పిచ్చి అనుకునేరు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ హైస్కూలు పిల్లల కోసం వేసవి శిక్షణ మొదలుపెట్టింది 1931లో. "మావాడికి స్టేజి ఫియర్ పోవాలండీ, నలుగురిలో నోరు విప్పాలి" అంటూ తల్లిదండ్రులు వేలల్లో ఫీజు కడతారు. ఫ్రిస్కోలో అడిగినా ఎడిసన్‌లో అడిగినా ఇదే మాట. వక్త తిరిగొస్తాడని వాళ్ళ ఆశ. తిరిగొచ్చేది కరణం. పాతకాలం ఊరి కరణానికి లాగే ఇతనికీ నోటికన్నా చిట్టా ముఖ్యం. ఎవరు ఎప్పుడు ఏమన్నారో అందులో ఎక్కి ఉంటుంది, ఎక్కనిది అననట్టే లెక్క.

ఆ చిట్టాను వాళ్ళు ఫ్లో అంటారు. పొడవాటి కాగితం మీద నిలువు గడులు, రెండు రంగుల పెన్నులు, ఒకటి మనవాళ్ళ మాటకు, ఒకటి ఎదుటివాళ్ళ మాటకు. ఇప్పుడు లాప్‌టాప్‌లు వచ్చినా గడులు మాత్రం పోలేదు. ఎదుటివాడు ఎత్తిన పాయింటు ఒక గడిలో పడుతుంది, దానికి జవాబు పక్క గడిలో. పక్క గడి ఖాళీగా ఉంటే ఆ పాయింటు 'డ్రాప్' అయిపోయినట్టు, అంటే ఒప్పేసుకున్నట్టు. ఆటంతా ఈ ఒక్క నియమం మీద నడుస్తుంది. చిక్కల్లా పిల్లవాడు దాన్ని ఇంటికి తెచ్చుకోవడంతోనే. "గది సర్దలేదు, పాలు తాగలేదు, ఆ ఫోను వదలవు" అని అమ్మ ఒక్క గుక్కలో అంటే మామూలు పిల్లవాడు "అబ్బా, అమ్మా!" అని మేడెక్కేస్తాడు. ఇతను వేళ్ళు మడుస్తాడు. "త్రీ కంటెన్షన్స్, అమ్మా. గది రేపు సర్దుతానని మొన్నే చెప్పాను, నువ్వు ఓకే అన్నావు. పాలు అక్క కూడా తాగలేదు. ఫోన్ గురించి నేను నిన్న అడిగిన క్వశ్చన్ నువ్వు డ్రాప్ చేశావు, సో దట్ పాయింట్ ఈజ్ మైన్." పెద్దవాళ్ళంటే లెక్కలేదని చుట్టాలు బుగ్గలు నొక్కుకుంటారు. పాపం, ఆ మూడు మాటల్లో ఒకటి వదిలేస్తే ఇతనికి ఆ రాత్రి నిద్రపట్టదు.

మరి ఆ వాగుడు సంగతేమిటని అడగొచ్చు. నిమిషానికి మూడు వందల మాటలు పైచిలుకు, మధ్యలో ఎగపీల్చే ఊపిరి, పళ్ళ మధ్య పెన్ను కరిచిపట్టి చేసే సాధన. ఇదంతా నోటి విద్య కాదా? చూడ్డానికి అంతే. కానీ లింకన్-డగ్లస్ అనే డిబేట్ పద్ధతిలో నిమిషాల పంపకం చూడండి. 1858లో ఆ ఇద్దరు మహానుభావులు ఇలినాయ్‌లో వాదించుకున్నప్పుడు ఒకరికి గంట, రెండోవారికి గంటన్నర, మళ్ళీ మొదటివారికి అరగంట. వాళ్ళ పేరు పెట్టుకున్న ఇప్పటి పోటీలో వ్యతిరేకించేవాడు ఏడు నిమిషాలు మాట్లాడి కూర్చుంటే, సమర్థించేవాడు దానికంతటికీ నాలుగు నిమిషాల్లో జవాబు చెప్పాలి. ఒక్క గడి ఖాళీ పడితే ఆట పోయినట్టే. పరుగెత్తక ఏం చేస్తాడు? అసలు అంతకుముందున్న పాలసీ డిబేట్‌లో ఇలాంటి పరుగునే భరించలేక పెద్దలు 1980 ప్రాంతంలో ఈ లింకన్-డగ్లస్ పద్ధతి తెచ్చారు. అదీ వేగం పుంజుకుంటే, మామూలు మనిషికి అర్థమయ్యేలా ఉండాలని 2002లో పబ్లిక్ ఫోరం పెట్టారు. అక్కడా ఇప్పుడు గట్టి పోటీల్లో ఊపిరాడదు. పద్ధతుల పేర్లు మార్చారు గానీ చిట్టాను ఎవరూ ముట్టుకోలేదు. ఊరి చెరువు పూడిక గురించి మొదలైన వాదన మూడో నిమిషానికి అణుయుద్ధంలో తేలడానికీ ఇదే కారణం. మానవజాతి అంతరించిపోతుందని రాసిన గడి మిగతా గడులన్నిటికన్నా బరువు తూగుతుంది మరి.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. పబ్లిక్ ఫోరంలో ఎటువైపు వాదించాలో తేల్చేది బొమ్మాబొరుసే. పొద్దున అవునన్నది మధ్యాహ్నం కాదనే పిల్లలకు సొంత అభిప్రాయం ఎక్కడ మిగులుతుంది? భయం న్యాయమైనదే. కాకపోతే రెండువైపులా వాదించాలంటే రెండువైపులా చదవాలి. ఎదుటివాడు ఏమన్నాడో సరిగ్గా వినకపోతే రాసుకోవడం కుదరదు. క్యాంపులో రోజులో ఎక్కువ భాగం పోయేది 'కార్డులు కోయడా'నికి, అంటే వ్యాసాల్లోంచి పనికొచ్చే భాగం తీసి, ఎవరు ఏ ఏడు రాశారో పైన రాసి, కింద గీతలు గీయడానికి. బోస్టన్ ప్రభుత్వ పాఠశాలల్లో పాలసీ డిబేట్‌లో చేరిన పిల్లల మీద జరిగిన ఒక అధ్యయనంలో వాళ్ళ ఇంగ్లీషు మార్కులు పెరిగినట్టు తేలింది. పెరుగుదల ఎక్కువగా కనిపించింది విశ్లేషించి రాయాల్సిన చోట, బట్టీకి లొంగే చోట కాదు. కరణం చదువంటే అదే కదా! ఉపన్యాసకులు అసలు తయారవరని కాదు. అదే క్యాంపులో స్పీచ్ పిల్లలు వేరే ఉంటారు, వరండాలో గోడకు ఎదురుగా నిలబడి దానికి భావోద్వేగంతో నచ్చజెబుతూ. సుప్రీంకోర్టు న్యాయమూర్తి కెటాంజీ బ్రౌన్ జాక్సన్ హైస్కూల్లో జాతీయస్థాయి వక్తృత్వ పోటీ గెలిచిన మనిషే. తల్లిదండ్రులు కలగనేది ఆ గోడ పిల్లల్ని, డబ్బు కట్టేది గడుల పిల్లలకి.

చిట్టా చెల్లని చోటు ఒకటుంది, పేరెంట్ జడ్జి ముందు. పోటీకి పిల్లల్ని పంపే బడి జడ్జీలను కూడా పంపాలి, కాబట్టి శనివారం పొద్దున్నే ఎవరో ఒక తండ్రి కాఫీ కప్పుతో క్లాసురూములో ఇరుక్కుంటాడు. పదకొండు డ్రాపులు లెక్కచెప్పి చూపించినా ఆయన బాలెట్‌లో రాసేది "ఇద్దరూ బాగా మాట్లాడారు, రెండో అమ్మాయి కళ్ళలోకి చూసి మాట్లాడింది" అని. ఓడిన కరణం ఒక పూట కుమిలిపోతాడు, తర్వాత దానికీ ఒక గడి గీస్తాడు. ఫలానా రకం జడ్జి దగ్గర నిదానంగా, నవ్వుతూ, ఒక్క పాయింటు చాలు. ఆ వారం ఇంట్లో వేళ్ళు మడవడం కనిపించదు. అమ్మ అంట్లు కడుగుతుంటే పక్కన నిలబడి తుడిచి పెడుతూ, ఆమె కళ్ళలోకి చూస్తూ, ఒక్కో మాటా విడమరిచి, శుక్రవారం సాయంత్రం కారు తాళాలు అడుగుతాడు.